ధర్మయ్య ఒక్కపొద్దు

లెక్క తప్పితే నలుగురూ తిడతారు, కుదిరితే మెచ్చుకుంటారు. కుదిరిన లెక్క కూడా మనిషిని ఏడిపిస్తుందని పద్మకు నలభై నాలుగో ఏట తెలిసింది.

ఆ ఏడు వలంటీర్ల సభ ఆర్మూర్‌లో పెట్టారు. గల్ఫ్‌కు పోయి అక్కడే కన్నుమూసిన వాళ్ళను పెట్టెల్లో తెప్పించి, విమానం దిగిన చోటి నుంచి ఇంటి గడప దాకా చేర్చే మనుషులు వీళ్ళు. కాగితాలు రాసేవాళ్ళు కొందరు, ఎంబసీలకు ఫోన్లు చేసేవాళ్ళు కొందరు, అంబులెన్సు వెంట వచ్చేవాళ్ళు కొందరు. జీతం లేదు, భత్యం లేదు. నాలుగైదు జిల్లాల నుంచి అరవై నాలుగు మంది వచ్చి రెండు రోజులు ఉంటారు. వాళ్ళ తిండీ తిరుగుడూ చూసే పని పద్మ మీద పడింది. పడింది అనడం అబద్ధం. కొట్లాడి మరీ తీసుకుంది.

ఎందుకు కొట్లాడిందో తెలియాలంటే ఆరేళ్ళు వెనక్కి పోవాలి. పద్మ భర్త బాబురావు షార్జాలో కట్టడం పని చేస్తూ పైనుంచి పడి చనిపోయాడు. ముప్పై ఒక్క రోజులకు పెట్టె వచ్చింది. ఆ పెట్టె వెంట హైదరాబాద్ నుంచి రాత్రంతా మేలుకుని వచ్చినవాడు ధర్మయ్య. నవీపేట్ మనిషి. ట్రాలీ ఆటో నడుపుకుని బతుకుతాడు. పెట్టె దింపించాడు, మేకులు తీయించాడు. పద్మ మొహం తిప్పుకుంటే, "జూసుకో చెల్లె, కడసారి జూడలేదని రేపు ఏడుస్తవ్" అని దగ్గరికి పిలిచి చూపించాడు. దహనం అయ్యేదాకా ఉన్నాడు. ఇక వెళతానని చెప్పులు వేసుకుంటుంటే, అంత దుఃఖంలోనూ పద్మకు ఒకటి తోచింది. ఈ మనిషి నిన్నటి నుంచి ఏమీ తినలేదు.

కానీ చావింట్లో పొయ్యి వెలగదు. వచ్చినవాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు. పక్కింటి అంజవ్వ మనసు ఊరుకోక తన ఇంట్లో చాయ్ కాచి తెస్తే, ధర్మయ్య రెండు చేతులూ జోడించి, "ఒక్కపొద్దు ఉన్న అవ్వా, ఇయ్యాల ఏం ముట్ట" అన్నాడు.

"అన్నా, ఒక్క పూటన్న మా ఇంట్ల తినిపోవాలె నువ్వు" అంది పద్మ గడపలో నిలబడి.

"మంచిదినం జూసి వస్త చెల్లె" అన్నాడు ధర్మయ్య.

ఆ మంచిదినం ఆరేళ్ళయినా రాలేదు. ధర్మయ్య ఆర్మూర్ వైపు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక పెట్టె వెంటే వచ్చాడు. ఏ ఇంటికి వచ్చినా ఆ ఇంట్లో పొయ్యి వెలగని రోజే వచ్చాడు. పెట్టెలు మోసే చేతికి అన్నం పెట్టే చెయ్యి దొరకదు. ఆ పనే అట్లాంటిది.

ఏడాది తిరిగేసరికి పద్మ కూడా అదే పనిలో చేరింది. పొద్దున బీడీలు చుట్టడం, కబురు వస్తే పోయి భర్త పోయిన ఆడమనిషి పక్కన కూర్చోవడం. పని నేర్పింది ధర్మయ్యే. అన్నిటికంటే ముందు నేర్పింది ఇది.

"చావింట్ల ఎవలన్న చాయ్ ఇస్తే వద్దనకు చెల్లె. వద్దంటే వాళ్ళ మనసు నొస్తది. ఒక్కపొద్దు ఉన్న అను. దేవుని మీదికి తోసినవనుకో, ఎవ్వలకు బాధ ఉండది."

ఒక్కపొద్దు అంటే ఒక పూట తిని రెండో పూట పస్తుండడం. జనం శనివారమో సోమవారమో దేవుడి పేరు మీద ఉంటారు. ఈ వలంటీర్లకు మాత్రం అది వారంలో ఏడు రోజులూ పనికొచ్చే మాట. పద్మ ఎన్ని ఇళ్ళలో ఆ మాట అందో లెక్క లేదు. కడుపు నకనకలాడుతున్న రోజుల్లోనూ అంది. అనగా అనగా అది అబద్ధమన్న సంగతే మరిచిపోయింది.

సభకు పది రోజుల ముందు నితీష్ పద్మ ఇంటికి వచ్చాడు. అంగడి దగ్గర ఆన్‌లైన్ సెంటర్ నడిపే పిల్లగాడు, సంఘం కాగితాలన్నీ అతనే చూస్తాడు. పద్మ ఒడిలో బీడీల చాట పెట్టుకుని ఆకు చుడుతూ లెక్క చెబుతుంటే అతను రాసుకున్నాడు. రెండు రోజుల మధ్యాహ్నం భోజనాలు పసుపు అడ్తి వ్యాపారం నడిపే సేటు పెడతానన్నాడు. పసుపు ధర ఆ ఏడు బాగుంది, అతని మనసూ బాగుంది. ఉప్మా, చాయ్ హాలు వాళ్ళవే. ఇక మిగిలింది శనివారం సాయంత్రం.

"పోచంపాడు డ్యాం కాడికి తీస్కపోదాం అందర్ని" అంది పద్మ. "ఎప్పుడు జూడు ఏడ్చే మొకాలే జూస్తం మనం. ఒక్క పూట నీళ్ళు జూసి, చాపల పులుసు తిని, నవ్వి రావాలె."

బస్సుకు తలకు నూటపది, భోజనానికి రెండువందల నలభై. మొత్తం మూడువందల యాభై.

"సంఘం పైసలల్ల కెల్లి ఇద్దామా?" అడిగాడు నితీష్.

"పెట్టెల పైసలు పెట్టెలకే. ఎవలో ఎండల కూలి చేసి పంపిన పైసలతోని మనం చాపలు తింటమా? ఎవల వంతు వాళ్ళు ఎయ్యాలె."

ఆ మాట న్యాయమే. దాన్ని ఎవరూ కాదనరు. నితీష్ కాసేపు పెన్ను కొరికి, ఇంకో మాట అన్నాడు.

"గట్లయితే ఒక మూతికట్టిన డబ్బ పెడదాం అక్కా. ఉన్నోళ్ళు జర ఎక్కువేస్తరు, లేనోళ్ళు ఎయ్యరు. ఎవలేసిన్రో ఎవలెయ్యలేదో ఎవ్వలకు తెల్వది."

పద్మకు ఎక్కడో తగిలింది. బాబురావు పోయిన ఏడాది కూతురు కృతికను బడివాళ్ళు పిక్నిక్‌కు తీసుకుపోతామన్నారు. డబ్బు కట్టిన పిల్లల పేర్లు చదివి, చివర 'ఉచితం' అని కృతిక పేరు చదివారు. ఆ పిల్ల బస్సెక్కకుండా ఇంటికి నడిచి వచ్చింది. తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత కూడా తీయలేదు. అప్పటి నుంచి ఉచితం అన్న మాట వింటే పద్మకు ఒళ్ళు మండుతుంది.

"మనల గతిలేనోళ్ళు ఎవలున్నరు తమ్మీ? డబ్బ పెడితేనే అగో వాళ్ళు పేదోళ్ళున్నరని అన్నట్టయితది. అందరం ఒక్క తీరు. మూడువందల యాభై, లెక్క సాఫ్" అంది గట్టిగా.

నితీష్ చెప్పింది వేరు, బడిలో జరిగింది వేరు. బడివాళ్ళు పేరు చదివారు. ఇతను పేరే వద్దంటున్నాడు. అంత తేడా ఆ కోపంలో ఆమెకు కనబడలేదు. తన పిల్లకు జరిగిన అవమానం ఇంకెవరికీ జరగకూడదనే అనుకుంది, పాపం. అక్క మాట మీద నితీష్ కాగితంలో డబ్బా లైను కొట్టేశాడు.

ఆ సాయంత్రమే ధర్మయ్యకు ఫోన్ చేసింది. ఆయన వంతు తనే కడదామని ముందే అనుకుంది. వెయ్యి బీడీలు చుట్టినా రాని పైసలే, అయినా ఆ ఒక్క ప్లేటు తన చేతిది కావాలి. కానీ మాట ఎత్తుతూనే ఆయన అందుకున్నాడు.

"మూడువందల యాభయ్యేనా? పంపిస్త తియ్యి చెల్లె, ఫికర్ చెయ్యకు."

అట్లా అన్నాక, నీ పైసలు నేను కడతానంటే ఆ పెద్దమనిషిని చిన్నబుచ్చినట్టు అవుతుందని ఆగిపోయింది. "నడిమి ముక్కలన్ని నీకే ఏస్త అన్నా. వద్దన్నా ఇన" అని మాత్రం అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు పట్టుకుని పద్మ పది రోజులు గడిపింది.

శనివారం ధర్మయ్య మూడు గంటలకు వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలు ఎత్తేశారప్పటికే. చొక్కా వదులైనట్టుంది, చెంపలు లోపలికి పోయాయి. ఎండన పడి వచ్చాడు, అంతే అనుకుంది పద్మ.

"అన్నం తిన్నవానే?"

"పొద్దుగాల ఇంట్లనే తినొచ్చిన."

అయిదింటికి రెండు బస్సులు వచ్చి హాలు ముందు ఆగాయి. పద్మ చేతిలో పేర్ల కాగితం ఉంది. అరవై మూడు పేర్ల ముందు పైసలు అందినట్టు టిక్కు ఉంది, ఒక్కదాని ముందు లేదు. ఆమె తలెత్తేలోపే ధర్మయ్య పక్కకు పిలిచాడు.

"చెల్లె, నన్ను లెక్కల కెల్లి తియ్యి. ఇయ్యాల శనారం గద, ఒక్కపొద్దు ఉన్న. తిననోనికి ప్లేటు దండుగ. నేను గీడ హాల్లనే ఉంట, అందరి సంచులు జూస్త."

పద్మకు ప్రాణం ఉసూరుమంది. "గిన్నేండ్లకు పెడదామంటే గియ్యాలనే ఒక్కపొద్దా అన్నా?"

"చాపలు ఏడికి పోతయే పిచ్చిదానా. డ్యాంల నీళ్ళున్నన్ని దినాలు ఉంటయి. పో, బస్సు ఎల్లిపోతది."

ఆ మాట ఎవరు అంటున్నారో, ఎందుకు అనాలో తనకు నేర్పింది ఎవరో పద్మకు అప్పుడు గుర్తు రావాల్సింది. రాలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ప్లేట్లు ఎన్నో ఇప్పుడే చెప్పమని వంటాయన ఫోన్‌లో అరుస్తున్నాడు. పైగా అది నిజంగానే శనివారం. ఆ వారం కూడా అబద్ధానికి తోడొచ్చింది.

"అరవై మూడు" అని వంటాయనకు చెప్పి బస్సెక్కింది.

పోచంపాడు దగ్గర ఆ సాయంత్రం అందరూ చిన్నపిల్లలయ్యారు. కట్ట మీద నిలబడి ఫోటోలు దిగారు. సిరిసిల్ల నుంచి వచ్చిన ముసలాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి నీళ్ళలో దిగి, జారి కూర్చున్నాడు. పెట్టెల మాట, పాస్‌పోర్టుల మాట ఎవరూ ఎత్తలేదు. పులుసు కుదిరింది. వేడి అన్నంలో కలుపుకుని మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. ఆడవాళ్ళు పద్మను బలవంతంగా కూర్చోబెట్టి వడ్డించారు. ఆమె ప్లేటులోకి నడిమి ముక్క వచ్చింది.

గిన్నెలు కడిగేటప్పుడు నితీష్ వచ్చి, "అక్కా, ఒక్క ప్లేటు మిగల్లే, ఒక్క ప్లేటు తక్కువ పడలే. గిట్లాంటి లెక్క నేను కంప్యూటర్ల గూడ చెయ్యలే" అన్నాడు.

పద్మ పొంగిపోయింది. అబద్ధమెందుకు, ఆ మాట ఆమెకు పులుసు కన్నా రుచిగా తోచింది. బస్సు కదిలాక గాని, ధర్మయ్యకు తీసుకుపోవడానికి ఒక్క ముక్క కూడా లేదని గుర్తు రాలేదు. ఒక్కపొద్దు మనిషి ఎట్లాగూ తినడులే అని సర్ది చెప్పుకుంది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి ధర్మయ్య అందరి సంచుల నడుమ, తన గుడ్డసంచి తల కింద పెట్టుకుని ముడుచుకుని పడుకున్నాడు. పక్కన నీళ్ళ సీసా ఖాళీగా ఉంది. లేపడం ఎందుకని ఎవరూ లేపలేదు. పొద్దున పద్మ హాలుకు వచ్చేసరికి ఆ చోటు కూడా ఖాళీ అయింది. మస్కట్ నుంచి ఎవరిదో పెట్టె వస్తోందని ఫోన్ వస్తే, ఉప్మా ఉడకకముందే మొదటి బస్సుకు వెళ్ళిపోయాడట.

ఇరవై రెండు రోజులకు ధర్మయ్య గుండె ఆగి పోయాడు.

కబురు వినగానే అందరూ నవీపేట్ చేరారు. ఎన్నో ఇళ్ళకు పెట్టెలు చేర్చిన మనిషికి పెట్టె అవసరం పడలేదు, ఇంట్లో మంచం మీదే పోయాడు. పద్మ ఆయన భార్య రత్నవ్వ పక్కన కూర్చుంది. ఎవరూ నీళ్ళు ముట్టలేదు. పొద్దు వాలేసరికి ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

అయిదో రోజు మధ్యాహ్నం పద్మ బీడీలు చుడుతుంటే రత్నవ్వ ఫోన్ చేసింది.

"పిట్ట ముట్టుతలేదు పద్మా" అంది. "మూడొద్దులకు పెట్టినం, ముట్టలే. ఇయ్యాల అయిదొద్దులు. కోడికూర పెట్టినం, కల్లు పెట్టినం. కాకులు సుట్టు తిరుగుతున్నయి గని ఒక్కటి మూతి పెట్టలే. ఏం మనసుల వెట్టుకొని పోయిండో నీ అన్న."

పోయినవాళ్ళ పేరు మీద ఆకులో అన్నం పెడతారు. కాకి వచ్చి ముట్టితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. నమ్మేవాళ్ళు నమ్ముతారు, నమ్మనివాళ్ళు కూడా ఆ పూట కాకి కోసం ఆకాశం చూస్తారు.

"నాకు ఒకటి యాదికొచ్చింది" అంది రత్నవ్వ. "మీ మీటింగుకు పోయొచ్చినంక వారం దినాలు అదే ముచ్చట. పద్మ చెల్లె చాపల పులుసు పెట్టింది రత్నా, నడిమి ముక్కలన్ని నాకే ఏసింది, వద్దన్నా ఇనలే అన్నడు. వాడకట్టు మొత్తం చెప్పిండు. తొమ్మిదొద్దులకు నువ్వే వండి తెస్తవా? అదన్న ముట్టుతదేమో."

పద్మ చేతిలోని ఆకు చాటలో పడింది.

"వదినె, అన్న శనారం ఒక్కపొద్దు ఉంటుండెనా?"

"ఒక్కపొద్దా? షుగర్ మనిషికి ఒక్కపొద్దేందే! పూట తప్పితే కండ్లు తిరిగి పడుతుండె. నేను ఉండనిత్తునా? ఎందుకు అడుగుతున్నవ్?"

"ఏం లేదు. ఉత్తగనే."

"ఆ నెల కిస్తి కట్టలేదని ఆటో గుంజుకపోయిన్రు పద్మా. చేతుల రూపాయి లేదు. లచ్చన్న కాడ బస్సు కిరాయికి చేబదులు తీసుకొని వచ్చిండు. పోకుంటే ఏమాయెనే అంటే, చెల్లె పిలిచింది, పోకుంటే ఎట్ల అన్నడు. మీరు కడుపు నిండ పెట్టి పంపిన్రు. నీ కాళ్ళకు దండం పెట్టాలె."

ఫోన్ పెట్టేశాక పద్మ చాట పక్కకు తోసి, గోడకు తల ఆనించి ఏడ్చింది. బాబురావు పెట్టె వచ్చిన రోజున ఏడ్చిన ఏడుపు కాదిది. అప్పుడు దేవుణ్ణి తిట్టడానికి వీలుంది, షార్జాను తిట్టడానికి వీలుంది. ఇప్పుడు తిట్టడానికి తను తప్ప ఎవరూ లేరు. చావింట్లో అనమని తనకు నేర్పిన మాటనే ఆయన తన ముందు అన్నాడు. ఎదుటివాళ్ళ మనసు నొవ్వకూడదని చెప్పే మాట. ఆకలిని దేవుడి మీదికి తోసే మాట. ఊరందరి ఒక్కపొద్దుల గుట్టు తెలిసిన పద్మకు ఆ ఒక్కటే నిజమనిపించింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆయన అడిగే మనిషి కాడని తెలిసీ, అడిగేదాకా ఆగింది తను. లేనివాడికి పేరు పడకుండా చూస్తానని డబ్బా వద్దంది. పేరు ఆయనే కొట్టేయించుకున్నాడు.

రత్నవ్వకు నిజం చెప్పాలా వద్దా అని మూడు రోజులు కొట్టుమిట్టాడింది. వాడకట్టంతా చెప్పుకున్న ఆ పులుసును పోయిన మనిషి నోటి నుంచి ఇప్పుడు లాక్కోవడానికి ఆమెకు మనసు రాలేదు.

తొమ్మిదో రోజు తెల్లవారకముందే మెండోర నుంచి చేపలు తెప్పించింది. చింతపండు నానబెట్టి, పసుపూ కారం వేసి, తన ఇంటి పొయ్యి మీద తనే వండింది. ధర్మయ్య కోసం ఆమె ఇంట్లో పొయ్యి వెలగడం అదే మొదలు. నడిమి ముక్కలన్నీ ఏరి టిఫిన్ డబ్బాలో పెట్టింది. నితీష్ బండి మీద నవీపేట్ తీసుకుపోయాడు. దారి పొడుగునా ఆ డబ్బాను ఒళ్ళో పట్టుకుని కూర్చుంది, వేడికి తొడ చురుక్కుమన్నా తీయలేదు.

గోదావరి ఒడ్డున ఆకు పరిచారు. రత్నవ్వ పక్కకు జరిగి, "నువ్వే ఏయి" అంది. పద్మ అన్నం పెట్టింది, పులుసు పోసింది, ముక్కలు ఒక్కొక్కటే వేసింది. ఇక చాలని ఎవరో అన్నా వినలేదు. ఆకు ముందు వంగి, పక్కవాళ్ళకు వినపడకుండా అంది.

"అన్నా, ఇగనన్న ఒక్కపొద్దు ఇడువు."

అందరూ దూరం జరిగి నిలబడ్డారు. ఎంతోసేపు పట్టలేదు. ఒక కాకి దిగింది, అటూ ఇటూ చూసి ముక్క లాగింది. దాని వెనక ఇంకోటి దిగింది. "ముట్టింది, ముట్టింది" అని ఆడవాళ్ళు ఏడుస్తూనే నవ్వారు. రత్నవ్వ పద్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "జూసినవా, నీ చేతి కూర అంటే ఆయనకు గంత పాణం" అంది. పద్మ ఆ చేతులు వెనక్కి తీసుకోలేకపోయింది.

తిరుగు దారిలో ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని పద్మ ఏడుస్తూనే ఉంది. నితీష్ చెట్టు కింద బండి ఆపాడు.

"పిట్ట ముట్టింది గదక్కా. అన్నకు తృప్తి అయింది. ఇంకెందుకు ఏడుస్తున్నవ్?"

పద్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ముట్టదా మరి? పిట్టను మూడువందల యాభై ఎవలు అడిగిన్రు తమ్మీ?"